చెప్పుల బండ

నా భార్య సలోమి పోయిన మూడో నెలలో పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. ఈ వేసవి వి.బి.ఎస్. పిల్లల్ని గుట్ట మీదికి నేనే తీసుకెళ్లాలని అడిగారు.

ఏటా మే నెలలో మా లింగంపల్లి చర్చి పిల్లలకు పది రోజులు నడిపే బడి అది. తెల్లవారగానే గోపన్‌పల్లి వెనక గద్దగుట్ట ఎక్కడం, దిగాక చెట్టు కింద పాటలు, కథలు, కంఠత వాక్యాలు, చివర్లో నిమ్మకాయ నీళ్లు. పదకొండేళ్లుగా మేమిద్దరమే నడుపుతున్నాం. నడిపింది సలోమి. నేను వెంట ఉన్నాను.

"అలిసిపోయానండీ పాస్టరుగారూ," అన్నాను.

"తెలుసు రత్నం మాస్టారూ. అలిసిన మనిషినని తెలిసే అడుగుతున్నాను. గుట్ట దారి ఇంకెవరికీ తెలియదు. పైగా ఇదే ఆఖరు. జూన్ నుంచి కంచె వేసేస్తారట. ఏదో కంప్యూటర్ కంపెనీకి ఇచ్చారు. తూర్పు వైపు అప్పుడే పేలుడు మందు పెట్టి కొడుతున్నారు చూడండి."

చూడనక్కర్లేదు. మా ఇంటికి కూడా వినిపిస్తుంది. రోజూ పదకొండింటికి ఒక్క చప్పుడు. కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి. సలోమి ఉన్నప్పుడు ఆ చప్పుడుకు గడియారం సరిచేసుకునేది.

ఒప్పుకున్నాను. పాస్టరుగారు నా భక్తి చూసి సంతోషించారు. నేను ఒప్పుకున్నది భక్తితో కాదు.

సలోమి పోయాక ఆమె పాటల పుస్తకానికి కొత్త అట్ట వేద్దామని పాతది విప్పాను. లోపల నాలుగు మడతల కాగితం. పెద్ద దవాఖానాలో రాసిచ్చింది. గుండె కవాటం సన్నబడింది, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోవాలి అని ఉంది. తారీఖు 1996 ఏప్రిల్ ఇరవై రెండు. ఆమె పోయింది 1998 ఫిబ్రవరిలో, ఆటోలో, నా భుజం మీద. మధ్యలో దాదాపు రెండేళ్లున్నాయి. ఆ రెండేళ్లూ మేము ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే బడిలో పాఠాలు చెప్పాం, రోజూ రాత్రి పక్కపక్కన మోకరించాం. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదన్నది తెలియక అప్పటినుంచి నేను ప్రార్థన చేయలేకపోతున్నాను. చర్చికి వెళ్తాను, కూర్చుంటాను, లేవమన్నప్పుడు లేస్తాను. కళ్లు మూసుకుంటే ఆ తారీఖు కనిపిస్తుంది.

సమాధానం తెలిసే అవకాశం ఉన్న మనిషి ఒక్కతే ఉంది. ఆమె గుట్ట కింద కంకర కొడుతుంది.

*

గద్దగుట్ట మొదట్లో నడుమెత్తు పలక బండ ఉంది. అక్కడినుంచి పైకి రాయి నున్నగా ఉంటుంది, చెప్పులతో ఎక్కితే జారుతుంది. అందుకని అందరం చెప్పులు ఆ బండ మీద విడిచి, ఉత్త కాళ్లతో ఎక్కుతాం. పిల్లలు దానికి చెప్పుల బండ అని పేరు పెట్టారు. ఆ బండ పక్కనే, తాటాకు పందిరి కింద, బాలమ్మ కూర్చుని సుత్తితో రాళ్లు కొట్టేది. యాభై దాటిన మనిషి. వేళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుని కొట్టేది.

1996 వేసవిలో మొదటి రోజే సలోమి చెప్పుల బండ దగ్గర ఆగిపోయింది. "మీరు పదండి. చెప్పులు కుక్కలెత్తుకుపోతాయి, నేనిక్కడ చూస్తుంటాను," అంది. మర్నాడూ అంతే. ఆ పై ఏడూ అంతే. అంతకుముందు తొమ్మిదేళ్లు పిల్లలందరికన్నా ముందు శిఖరం మీద ఉన్నది ఆమే.

నేను అడగలేదు. పైగా పిల్లల ముందు, "మా ఆవిడకు ప్రమోషన్ వచ్చిందర్రా, ఇప్పుడు చెప్పుల కాపలా ఆఫీసరు," అన్నాను. పిల్లలు నవ్వారు. సలోమి కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తుంది నాకు. నోరు మూసుకుని నవ్వింది, ఊపిరి దాచుకోవడానికి. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది.

రెండు వేసవులు ఆమె బాలమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేనెప్పుడూ వినలేదు. మేము దిగి వచ్చేసరికి సలోమి లేచి, చీర దులుపుకుని, బండ వైపు ఒకసారి చూసి, "అందరూ వచ్చేశారు, పదండి," అనేది.

*

ఈ ఏడు ఇరవై ఏడుగురు పిల్లలు. నేను హాజరు పట్టీ తయారుచేసుకున్నాను. ఇరవై మూడేళ్లుగా చేస్తున్న పని, చేతికి దానంతటదే వచ్చేస్తుంది.

మొదటి రోజు బాలమ్మ నన్ను చూసి సుత్తి ఆపింది. పిల్లలు చెప్పులు విడుస్తున్నారు. నేను కూడా విడిచాను. ఆమె ఏదో అనబోయింది. నేను పట్టీ తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. పిలవడం అయ్యేసరికి ఆమె మళ్లీ రాళ్లు కొట్టుకుంటోంది.

గుట్ట మాత్రం ఎప్పటిలాగే ఉంది. పిల్లలకు దుఃఖంతో పని లేదు. రెండు బండల మధ్య పక్కకు తిరిగితేనే పట్టే సన్నసందులోంచి దూరారు. నడివేసవిలో కూడా నీళ్లు నిలిచే దోనె దగ్గర బోర్లా పడుకుని తాగారు. తునికి పండ్లు కోసుకున్నారు. తొమ్మిదో తరగతి చదివే సౌజన్య అందరికన్నా పెద్దది. చిన్నవాళ్లను ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి పైకి లాగేది. శిఖరం మీద ప్రార్థన నేను చేయాలి. "ఈ ఏడు మీరే చేయండి, రోజుకొకరు," అన్నాను. అది కొత్త పద్ధతి అనుకుని ఎగబడ్డారు.

మొదట భరత్ నిలబడ్డాడు. ఆరో తరగతి. కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, తేనెటీగలు మమ్మల్ని చూడకుండా చెయ్యి. సురేంద్రగాడు నా బంతి తిరిగి ఇచ్చేలాగా వాడి మనసు మార్చు," అన్నాడు.

"నా దగ్గర లేదు ప్రభువా, వాడే పోగొట్టుకున్నాడు," అన్నాడు పక్కనుంచి సురేంద్ర, కళ్లు మూసుకునే.

అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. ఎవరూ గమనించలేదు.

మూడో రోజు తప్పు జరిగింది. దిగాక పేర్లు పిలిచాను. ఇరవై ఏడు 'ప్రెజెంట్ సార్'లు వచ్చాయి. పట్టీ మూసి, "పదండి," అన్నాను.

"ఓ సారూ," అంది బాలమ్మ. ఆ వేసవిలో నాతో ఆమె మొదటి మాట అదే. "ఒక జత మిగిలింది."

"అందరూ ఉన్నారమ్మా. ఇప్పుడే పిలిచాను."

"నువ్వు పిలిచినవ్, వాళ్లు పలికిన్రు. మరి గా చెప్పులు ఎవల్వి? ఆకాశంలకెల్లి పడ్డయా?"

బండ మీద ఒక జత ఎర్ర రబ్బరు చెప్పులున్నాయి. భరత్ తల దించుకున్నాడు. సురేంద్ర పైన దోనె దగ్గర కప్పలు పడుతున్నాడట. వాడి పేరుకు కూడా భరతే గొంతు మార్చి పలికాడు. అప్పటికి పావుతక్కువ పది. సౌజన్య పరుగున ఎక్కి వాణ్ణి చెవి పట్టుకుని దింపుకొచ్చింది.

"బంతి కోసం కొట్టుకునేవాడివి, వాడి బదులు ఎందుకు పలికావురా?" అన్నాను.

"ఫ్రెండు కదా సార్," అన్నాడు భరత్.

"టీచరమ్మ గా కాయితం ఎప్పుడు తేలేదు," అంది బాలమ్మ, రాయి మీద సుత్తి వేస్తూ. "జతలు చూసేది. జత మిగిలిందా, మనిషి మీద ఉన్నట్టే. ఒట్టి బండ ఉంటేనే కదిలేది."

పదకొండేళ్ల తర్వాత ఆ సంగతి నాకు ఆమె దగ్గర తెలిసింది. అప్పుడే అడగొచ్చు. పిల్లలు దూరంగా ఉన్నారు, గొడవ పడుతున్నారు. నోరు తెరిచాను.

"మంచినీళ్లున్నాయా?" అన్నాను.

ఆమె కుండ చూపించింది.

ఆ తరువాత నేను కూడా జతలే చూశాను. పట్టీ మాత్రం చేతిలో ఉండేది. అలవాటు. ప్రతి ఉదయం ఇవాళ అడుగుతాను అనుకుని బయల్దేరేవాణ్ణి. అడిగితే ఆమె ఏం చెబుతుందో అని భయం. మీ వల్లే అంటుందేమో. మీరు అందరిముందూ నవ్వారు కదా సారూ, అంటుందేమో. తెలియకపోవడం కష్టంగా ఉంది. ఆ మాట వినడం అంతకన్నా కష్టమని అనిపించింది. ఇంటికి వచ్చి, అన్నం వండుకుని, సగం తిని, ఆ కాగితం మళ్లీ చదివేవాణ్ణి.

ఎనిమిదో రోజు బాలమ్మే చెప్పింది, పిల్లలతో. "ఎల్లుండికి మాకు ఈడ పని ఖతం. శంకర్‌పల్లి అవతల కొత్త క్వారీకి తోలుతున్నరు. లారీ శనివారం పగటికి."

"మాక్కూడా శనివారమే లాస్ట్ డే," అంది సౌజన్య. "బాలమ్మా, ఒక్కసారి మాతో పైకి రారాదా? ఎప్పుడూ రాలేదు నువ్వు."

"పొద్దంత రాళ్లే కొడుతున్న బిడ్డా. మళ్ల రాళ్లు ఎక్కాల్నా తమాషాకు? మీకేం, బుక్కులు చదివి చదివి కాళ్లు తిమ్మిరెక్కుతయ్," అంది. పిల్లలు నవ్వారు. ఆమె నా వైపు చూసింది. నేను చెప్పుల వైపు చూశాను.

*

శనివారం ఆరింటికి మేము వెళ్లేసరికి పందిరి కింద ఎవరూ లేరు. సుత్తి లేదు, కుండ లేదు. కొట్టిన కంకర కుప్ప మాత్రం ఉంది. లారీ ముందే వచ్చేసిందనుకున్నాను. పది రోజులు చేతిలో పెట్టుకుని అడగలేదు, ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. చెప్పొద్దూ, కొంచెం తేలిక కూడా అనిపించింది. ఆ తేలిక చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆఖరి రోజు కాబట్టి శిఖరం మీద ఎక్కువసేపు ఉన్నాం. పిల్లలు వాక్యాలన్నీ ఒప్పజెప్పారు. భయపడవద్దని చెప్పే వాక్యం సలోమికి ఇష్టం. ఏటా మొదటి రోజు అదే నేర్పేది. దాన్ని అందరూ కలిసి మూడుసార్లు చెప్పారు. తర్వాత వెనక వైపు జారుడుబండ మీదుగా దిగి, గుట్ట చుట్టూ తిరిగి చెప్పుల బండ దగ్గరికి వచ్చేసరికి పది అయింది.

పిల్లలు చెప్పులు వేసుకున్నారు. నా చెప్పులు ఉన్నాయి. ఇంకొక జత ఉంది.

ముఖాలు చూస్తూ, ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. ఇరవై ఏడు. పట్టీలో ఇరవై ఏడు. మళ్లీ లెక్కపెట్టాను.

"ఎవరో పారేసి ఉంటారు సార్," అన్నాడు సురేంద్ర. "చూడండి ఎంత పాతవో."

టైరు ముక్కతో కుట్టిన చెప్పులు, పెద్దవి. ఒక దాని పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. సౌజన్య వంగి చూసింది.

"ఇవి బాలమ్మవి సార్. నిన్న తెగితే పిన్నీసు నేనే ఇచ్చాను."

తూర్పు వైపునుంచి మొదటి విజిల్ వినిపించింది. మందు పేల్చే ముందు మూడుసార్లు వేస్తారు. నేను సౌజన్యను పిలిచి, అందరినీ రోడ్డు మీదికి, పాస్టరుగారి వ్యాను దగ్గరికి తీసుకెళ్లమన్నాను.

"మీరు సార్?"

"జత మిగిలింది కదమ్మా," అన్నాను.

పదింటి ఎండకు రాయి కాలుతోంది. పొద్దున చల్లగా తగిలిన బండే అది. నాలుగు అడుగులు వేసి ఆగడానికి నీడ వెతుక్కుని, మళ్లీ నాలుగు అడుగులు. అరికాళ్లు మండి, చేతుల మీద పాకాను. చొక్కా జేబులోంచి పట్టీ రెండుసార్లు జారిపడబోతే పళ్లతో పట్టుకున్నాను. దాన్ని ఎందుకు వదిలేయలేదో తెలియదు. యాభై ఏళ్ల మనిషికి ఊపిరి ఎంతవరకు అందుతుందో అప్పుడు తెలిసింది. సగంలో ఆగి ఒగరుస్తూ నిలబడ్డాను. సలోమికి చెప్పుల బండ దగ్గరే ఇలా ఉండేదేమో అనుకున్నాను.

బాలమ్మ శిఖరం మీద ఉంది. గద్ద ముక్కులాంటి రాయి నీడలో, కాళ్లు చాపుకుని, లింగంపల్లి వైపు చూస్తూ కూర్చుంది. కొంగు తల మీద కప్పుకుంది.

"విజిల్ వేశారు! విన్లేదా?" అని అరిచాను.

"ఇన్న. మూడోది పడేదాకా ఏం గాదు సారూ. గా మందు పెట్టేటోడు నా మర్దే, మొగిలి. మూడోది ఏసేముందు రెండు మూడు బీడీలు తాగుతడు, గవి అయిపోయినంకనే ఏస్తడు. గంత పరేషాన్ ఎందుకు? కూసో. కాళ్లు చూడు ఎట్ల ఎర్రగైనయో."

కూర్చున్నాను. నిలబడే శక్తి లేదు.

"కనబడ్తలేదు," అంది ఆమె.

"ఏమిటి?"

"మీ చర్చి మీది సిలువ. టీచరమ్మ పోయిన ఎండాకాలం నాకు చెప్పింది. 'నేను మీదికి పోక రెండేండ్లయింది అక్కా, అడ్డంగా ఏందో కడుతున్నరు, సిలువ ఇంకా కనబడ్తదో లేదో నువ్వొకపారి ఎక్కి చూసి చెప్పు' అని. రేపు పోత, ఎల్లుండి పోత అన్న. పోలె. నాకెందుకు ఎక్కుడు అనుకున్న. ఇయ్యాల ఆఖర్రోజు గదా అని ఎక్కిన. సిలువ లేదు. గా అపార్ట్‌మెంటు అడ్డమొచ్చింది. అగో, మాదాపూర్ దిక్కు గుండ్రంగ కడుతున్నరు చూడు, గది మాత్రం మంచిగ కనబడుతుంది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "చూసిన. ఇగ ఎవలికి చెప్పాలె? నీకు చెప్తున్న."

నేను కూడా అటు చూశాను. పొద్దున పిల్లలతో ఇక్కడే గంటసేపు ఉండి, సిలువ కోసం చూడాలని నాకు తట్టలేదు.

"బాలమ్మక్కా," అన్నాను. సలోమి అలాగే పిలిచేది. "నీకు తెలుసా? ఆమె గుండె సంగతి?"

ఆమె చాపిన కాళ్లు దగ్గరికి లాక్కుంది.

"తెల్సు. ఒట్టేయించుకుంది నాతోని."

"నాకెందుకు చెప్పలేదు?"

"భయం," అంది బాలమ్మ. "గంతే. ఆపరేషన్ అంటే భయం. ఆమె తల్లి గూడ గట్లనే గుంటూరు దవాఖానల బల్లెక్కి, మళ్ల దిగలేదట గదా."

అది నాకు తెలుసు. పెళ్లి చూపుల నాడే తెలుసు. ఈ కాగితాన్నీ ఆ చావునూ కలిపి ఎప్పుడూ చూడలేదు.

"నాకు చెబితే నేను ధైర్యం చెప్పేవాణ్ణి," అన్నాను.

"గందుకే చెప్పలె. 'ఆయన మాస్టరు అక్కా, ధైర్యం చెప్తడు. మంచిగ చెప్తడు. ఆయన చెప్పినంక నేను ఒద్దనలేను. పోయి బల్లెక్కాలె' అన్నది. ఇంకోటి గూడ అన్నది. యేటేటా పిల్లలకు భయపడకుర్రి అని నేర్పిచ్చేటిదాన్ని, నేనే గింత భయపడుతున్ననని ఆయనకు తెలిస్తే సిగ్గు అన్నది. నవ్వింది గామాట అనుకుంట."

"నేను ఆ రోజు పిల్లల ముందు నవ్వాను. చెప్పుల ఆఫీసరు అన్నాను."

"అన్నవ్. నాకు కోపమొచ్చింది. ఆమెకు రాలె. 'అనుకోనీ, కూసునేందుకు ఒక పేరు దొరికింది నాకు' అన్నది." బాలమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ట్యూబు ముక్కలు లేని వేళ్లు మొదటిసారి చూశాను. పగిలి, గోళ్లు నల్లబడి ఉన్నాయి. "సారూ, నేను ఒట్టు తప్పి నీకు చెప్పుంటే బతుకుతుండె గదా ఆమె? మూడు నెలల నుంచి నాకు గిదే. మొదటి రోజు నిన్ను చూడంగనే చెప్దామనుకున్న. నువ్వు కాయితం ఇప్పినవ్. నీకు తెల్సిపోయింది, నా మీద కోపంల ఉన్నవ్ అనుకున్న."

"నేను కూడా అడుగుదామనే వచ్చాను. రోజూ."

"మరి నీళ్లడిగినవ్?"

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. అలసటగా ఉంది. బతికేదేమో. ఆపరేషన్ బల్ల మీద పోయేదేమో. అది ఎవరికీ తెలియదు. "నీ తప్పు లేదక్కా," అన్నాను. ఆ మాట నిజమో కాదో తూచకుండా అన్నాను. నా వృత్తిలో మాట తూచకుండా అనడం నాకు అలవాటు లేదు. అన్నాక మాత్రం వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. సలోమి మీద కోపం అలాగే ఉంది. రెండేళ్లు నా పక్కన ఒంటరిగా భయపడింది. నేను పక్కనే నిద్రపోయాను.

రెండో విజిల్ వినిపించింది.

"బీడీ ముట్టిచ్చిండు," అంది బాలమ్మ. "దిగుదాం. ముందుగాల ఒక పని చెయ్యి. మీరు మీదికి పోయినంక ఆమె కింద కూసోని దేవునికి పిల్లల పేర్లు చెప్పేది. అందరివి. చెవులకు ఇనిపిచ్చేంత మెల్లగ. ఆఖరుకు నా పేరు గూడ చెప్పేది. మాది పోచమ్మ తల్లి, నాకెందుకు మీ దేవుడు అంటే, 'ఫికర్ చెయ్యకు అక్కా, పేరే గదా' అనేది. ఈ యేడు ఎవలు చెప్పలె. నాకు రాదు. నువ్వు చెప్పు."

"నాకూ రావడం లేదక్కా. ఫిబ్రవరి నుంచి."

"జేబుల రాసుకున్నవ్ గద. సూసి చదువు."

పట్టీ తీశాను. అంచు మీద నా పళ్ల గాట్లున్నాయి. కళ్లు మూసుకుంటే చదవలేను కాబట్టి తెరిచే చదివాను. అక్షరక్రమంలో, బడిలో పిలిచినట్టే. పేరుకూ పేరుకూ మధ్య ఆగడం అలవాటు, జవాబు కోసం. ఆగాను. కింద రోడ్డు మీద వ్యాను చుట్టూ పిల్లలు చిన్నగా కనిపిస్తున్నారు. ఇరవై ఏడు అయ్యాయి. పట్టీలో ఇంక ఏమీ లేదు.

"బాలమ్మ," అన్నాను.

ఆమె చేతులు జోడించింది.

తరవాతి పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాను. ఎవరి కోసం అడుగుతున్నానో, ఏమి అడుగుతున్నానో తెలియదు. పేరు మాత్రం చెప్పాను.

"ఆమేన్ అనవా?" అంది బాలమ్మ. "గది లేకుంటే చేరదట గదా?"

"ఆమేన్," అన్నాను.

"నేను గూడ అన్న. ఇగ నడువ్, వాని బీడీలు అయిపోతయ్."

ఆమె ముందు దిగింది, నేను వెనక. కాలే రాయి మీద ఎక్కడ అడుగు వేయాలో ఆమెకు తెలుసు. బూడిదరంగు నాచు ఉన్నచోట వేడి తక్కువట. ముప్పై ఏళ్లు రాయితో బతికిన మనిషి. పదకొండేళ్లు ఎక్కిన నాకు ఆ సంగతి తెలియదు. ఆమె కాలు తీసిన చోటే నా కాలు పెట్టాను.

చెప్పుల బండ మీద రెండు జతలు ఉన్నాయి. నావి వేసుకుంటే అరికాళ్లలో బొబ్బలు పగిలాయి. ఆమె బండ మీద కూర్చుని పిన్నీసు సరిచేసుకుంది.

"వచ్చే యేడు పిల్లల్ని యాడికి తోల్కపోతవ్?"

"తెలియదు. నేనే ఉంటానో లేదో ఆ పనిలో."

"శంకర్‌పల్లి దిక్కు మస్తు గుట్టలున్నయ్."

"వాటినీ మీరు కొట్టేస్తారుగా అక్కా."

"కొట్టేదాక ఉంటయ్ గద," అంది, లేస్తూ.

రోడ్డు సగం దూరం నడిచాక మూడో విజిల్ పడింది. తరవాత చప్పుడు. ఇంట్లోంచి వింటే ఒక్కటే చప్పుడు. ఇక్కడ చాలాసేపు దొర్లింది. గుట్ట తూర్పు భుజం మీదినుంచి తెల్లటి దుమ్ము లేచి, మెల్లగా మా వైపు వచ్చింది. రోడ్డు మీద పిల్లలు కేకలు వేశారు. సౌజన్య చేతులూపుతోంది.

నేను ఆగి వెనక్కి చూశాను. దుమ్ములోంచి చెప్పుల బండ లీలగా కనిపించింది. దాని మీద ఏమీ లేదు.

"ఏం చూస్తున్నవ్? అందరం వచ్చినం," అంది బాలమ్మ. "నడువ్ సారూ. లారీ నా కోసం ఆగదు."